లేచి నిలబడేదాకా

"అది సాలు కాదురా, పాము పోయిన దారి! మేడి గట్టిగ పట్టు, నీ చేతులు విరగ!"

"విరగాల్సింది నా చేతులు గాదు, నీ నాలిక. ఆ రోజు నడుం మీద గాకుండ మూతి మీద ఏసుంటే నా పీడ పొయ్యేది."

"ఎయ్యరా, ఇప్పుడొచ్చి ఎయ్యి! మంచంల పడ్డోని మీద గూడ సీతారాములు కర్ర లేస్తదని ఊరంత చూస్తది."

"ముందు నీ మంచం కోడు గట్టు దిగుతాంది, చూస్కో. దొర్లి బురదల పడితే లేపాల్సింది మల్ల నేనే."

వాగు దాటి ఒడ్డెక్కుతూ ఈ మాటలు విన్నాను. పోయిన వానాకాలం సంగతి. చేను గట్టు మీద నులక మంచం, దాని మీద ఎముకల గూడులాంటి మనిషి, నెత్తి మీద తాటాకు గొడుగు. చేలో నాగలి పట్టి ఇంకో మనిషి. యజమాని, పాలేరు అనుకున్నాను. పాలేరు అన్నేసి మాటలు పడి అన్నేసి మాటలు అనడు కదా, అన్నదమ్ములేమో అనుకున్నాను. రెండూ కాదు. దున్నుతున్నది మా అమ్మ తోడబుట్టిన సీతారాములు మామ, అప్పటిదాకా నేను చూడని మనిషి. మంచం మీద ఉన్నది లక్మా. చేను లక్మాది, ఎద్దులు మామవి. కూలి లేదు, పంటలో పాలూ లేదు. లక్మా నడుము విరగ్గొట్టింది మామే.

దంతెవాడలో కాలేజీ రెండో ఏడు మానేసి బచేలిలో మా ఇంటికి పోతే, నాన్న గడప దాటనివ్వలేదు. అమ్మ చాటుగా బస్సెక్కించి తన పుట్టింటి ఊరు మద్దిగూడెం పొమ్మంది. తర్రెం దాటి అడవిలో చాలా దూరం లోపలికి పోవాలి. అక్కడ నాలుగు రోజులుండి పోదామని వెళ్ళాను. ఏడాది ఉన్నాను, అందుకు కారణం హాకీ.

మద్దిగూడెం బడి గోడ మీద నీలం రంగుతో 'మద్దిగూడెం హాకీ క్లబ్బు' అని రాసి ఉంటుంది. సగం అక్షరాలు రాలిపోయాయి. ఎప్పుడో ఆశ్రమ పాఠశాలకు వచ్చిన ఒక మాస్టారు పిల్లలకు హాకీ నేర్పి బదిలీ మీద వెళ్ళిపోయాడు. తనతో పాటు కర్రలూ తీసుకుపోయాడు. పిల్లలు అడవికి పోయి వెదురు పొదలు తవ్వి, మొదలు దగ్గర వంపు తిరిగిన గడ్డతో సహా పెకలించి, నిప్పు మీద కాల్చి కర్రలు చేసుకున్నారు. బంతి మద్ది చెక్కది. నియమాలు మాస్టారితోనే పోయాయి. భుజం మీదికి కర్ర ఎత్తకూడదన్న సంగతి నేను వెళ్ళి చెప్పేదాకా అక్కడ ఎవరికీ తెలియదు. చెప్పాక పగలబడి నవ్వారు. "ఎత్తకుండ ఎట్ల కొడతర్రా, దువ్వుతరా?" అన్నాడు మామ.

వాగుకు ఇవతల మద్దిగూడెం, అవతల తాళ్ళగూడెం. ఏడాదికొక్క ఆట. విత్తనాల పండుగ నాడు, దుక్కికి ముందు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఆ రోజు చెయ్యో కాలో విరిగినవాడికి ఆ ఏడు చేను బీడే.

క్లబ్బు మొదలైన కొత్తలో అదే జరిగింది. మా ఊరి మనిషికి తాళ్ళగూడెం వాళ్ళు మోచెయ్యి విరగ్గొట్టారు. వాన పడింది, అతని చేను దున్నేవాడు లేడు. చలికాలానికి ఇంట్లో గింజ లేదు. అతని తమ్ముళ్ళు గొడ్డళ్ళు తీసుకుని వాగు దగ్గర ఎద్దులు కడుగుతున్న తాళ్ళగూడెం మనిషిని నరికారు. అతనికీ ఆటకూ సంబంధమే లేదు. నీళ్ళలోనే నరికారు. తర్వాత వాళ్ళు వచ్చి మా ఊరి ఇద్దరిని ఇప్ప చెట్ల కింద నరికారు. పువ్వు ఏరడానికి వంగినవాళ్ళు వంగినట్టే పడ్డారట. అప్పుడు రెండు ఊళ్ళ పెద్దలు కూర్చుని ఒక కట్టు పెట్టారు. విరిచినోడు, విరిగినోడు లేచి నిలబడేదాకా వాని చేను దున్నాలె. దుక్కి విరిగినోని కండ్ల ముందర జరగాలె. ఈ రెండో మాట ఎందుకంటే, మొదట్లో ఒకడు నాలుగు సాళ్ళు గీకి దున్నేశానని పోయాడు.

కట్టు పని చేసింది. కర్ర ఎత్తినవాడికి అవతలివాడి చేను ఎంతుందో గుర్తొచ్చేది. చిన్న చేనున్నవాళ్ళకే ఎక్కువ దెబ్బలు తగిలేవని మామ చెప్పి నవ్వేవాడు. "బిజ్జా అన్నకు చారెడు చేను. పాపం, ప్రతి ఏడూ ఏదో ఒకటి విరిగేది." ఆ బిజ్జాయే ఇప్పుడు తాళ్ళగూడెం పెద్ద. ముక్కు ఇంకా వంకరే.

లక్మా చేను చిన్నది కాదు. వాగు ఒడ్డున మంచి నల్లరేగడి. పైగా లక్మాలా ఆడేవాడు రెండు ఊళ్ళలోనూ లేడట. ఆ రోజు గోలు కొట్టి, గోలు దగ్గర నిలబడ్డ మామ వైపు చూసి, "మీ ఊళ్ళ మొగోళ్ళు అయిపోయిండ్రా? గోలుకు ఎద్దును కట్టేసిండ్రు" అన్నాడు. అని వెనక్కి తిరిగి నడిచాడు. మిగతాది మామ మాటల్లోనే రాస్తున్నాను. అతనే దాచుకోలేదు, నేనెందుకు దాచాలి?

"బంతి ఎప్పుడో పోయింది. వాడు పోతాండు. రెండు చేతుల్తో ఎత్తి నడుం మీద ఏసిన. కట్టె విరిగిన చప్పుడొచ్చింది. నా కర్రే విరిగిందనుకున్న. చూస్తే కర్ర మంచిగనే ఉంది."

లక్మా లేచి నిలబడలేదు. కట్టు పెట్టిన పెద్దలు చేతులు, కాళ్ళు, పక్కటెముకలు అన్నీ ఆలోచించారు. ఎప్పటికీ లేవనివాడి సంగతి ఒక్కడికీ తోచలేదు. మాట మాత్రం లేచి నిలబడేదాకా అనే ఉంది. లక్మా కొడుకు కేసా అప్పుడు తల్లి సోమక్క ఒళ్ళో పాలు తాగే పిల్లాడు. ఇప్పుడు వాడికి మీసాలు వచ్చాయి. మామ ఇంకా దున్నుతూనే ఉన్నాడు.

మామ మంచివాడని చెప్పడం లేదు. కల్లు తాగితే ఎవడో ఒకడి పన్ను రాలాలి. తునికాకు కల్లం దగ్గర కట్టల లెక్క రాసే మున్షీని కొట్టాడు, సంతలో కోడిపందెం దగ్గర సొంత బావమరిది చెవి కొరికాడు. అతని భార్య హుంగే అత్త నుదుటి మీద మచ్చ ఎలా వచ్చిందని అడిగితే ఆమె అతని వైపు చూస్తుంది. ఆమెకు అంతకంటే పెద్ద మంట ఇంకొకటి ఉంది. వాన పడగానే ఎద్దులు వాగు దాటతాయి. లక్మా చేను అయ్యాకే సొంత చేను. "నా చేను ఎప్పుడూ సవతి బిడ్డే" అంటుంది. పదును పోయాక దున్నిన చేలో ఏం పండుతుంది?

మధ్యలో, అడవిలో తుపాకుల పోరు నడిచి ఆట ఆగిన ఏళ్ళున్నాయి. ఆ ఏళ్ళ గురించి మామ ఒక్కసారే మాట్లాడాడు. "కర్రలు పట్టుకొని ఎందుకు జమైతుండ్రని ఒక పక్కోళ్ళు కొట్టిండ్రు. మమ్మల్నడక్కుండ జట్టు ఎట్ల పెట్టిండ్రని ఇంకో పక్కోళ్ళు కొట్టిండ్రు. ఇద్దరూ కొట్టింది మా కర్రల్తోనే." అతని ఎడమ చేతి చిటికెన వేలు అప్పుడే పోయింది. తర్వాత రెండు ఊళ్ళూ తగలబడ్డాయి. ఎవరన్నది ఊళ్ళో ఎవరూ నోటితో అనరు. జనం అడవిలో పడి గోదావరి పక్క మిరప తోటలకు పోయారు. మామ తన భార్యను ముందు పంపించి వాగు దాటి వెనక్కి వెళ్ళాడు. లక్మా మంచానికి తాళ్ళు కట్టి, కర్రకు వేలాడదీసి, ఒక కొస తను, ఇంకో కొస సోమక్క భుజాన వేసుకున్నారు. దారి పొడవునా లక్మా తిట్టాడట, మెల్లగా నడవరా, నడుం నీదా నాదా అని. ఒకచోట తుపాకులు మోగితే మంచం దించి, అతని నోట్లో గుడ్డ కుక్కి, పైన పడి పడుకున్నానని మామ చెప్పాడు. "గుడ్డ తీసినంక మల్ల తిట్టిండు. గుడ్డ కంపు కొడతాందని."

తిరిగి వచ్చాక చేలన్నీ కంప మొలిచి ఉన్నాయి. మామ ముందు నరికింది లక్మా చేలో కంపే. ఆ ఏడు హుంగే అత్త పుట్టింటికి పోయి పంట కోతలదాకా రాలేదు.

ఇక కేసా. వాడు ఒక షావుకారి ట్రాక్టరు నడుపుతాడు. తండ్రి చేను ఒక పూటలో దున్నేయగలడు. పోయిన ఏడు నేను వెళ్ళిన వారానికే ట్రాక్టరు తెచ్చి చేలో దించాడు కూడా. మామ ఎద్దులను దాని ముందుకు తోలి నిలబడ్డాడు.

"జరుగు! మా చేను మేం దున్నుకుంటం. నువ్వెవడివి?" అన్నాడు కేసా.

"మీ అయ్య లేచి నిలబడ్డడా?"

"లేవడు! లేవడని నీకెరికే, నాకెరికే!"

"మరింకేంది? నీ డబ్బా తీసుకొని పో."

కేసా ఇంజను గట్టిగా రేపి ఎద్దుల మీదికి రెండడుగులు నడిపాడు. ఎడమ ఎద్దు బెదిరి కాడి విరిగేలా గింజుకుంది. మామ ముల్లుగర్ర తిప్పి కేసా మోకాలి మీద కొట్టాడు. వాడు దూకి మామ గొంతు పట్టుకున్నాడు. నేను వాణ్ణి నడుము పట్టి లాగితే మోచేత్తో నా పెదవి పగలగొట్టాడు. గట్టు మీంచి లక్మా అరిచాడు: "ఒరే కేసా! ఆ పొగకు నాకు దగ్గొస్తాంది. తీసెయ్యి దాన్ని!"

కన్న తండ్రే ఆ మాట అనేసరికి కేసా ట్రాక్టరు వెనక్కి తిప్పాడు. పోతూ పోతూ మామ వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

వాడి కోపానికి కారణం ఉంది. సంతలో వాడి ఈడు కుర్రాళ్ళు, "కేసాకు ఇద్దరయ్యలు రా. ఒకడు పండుకుంటడు, ఒకడు దున్నుతడు" అని నవ్వుతారు. మాట వాడి తల్లి మీదికి పోతుంది. సోమక్క ఆ మాట విన్నప్పుడల్లా అన్నవాడి మీద ఉమ్మేసి పోతుంది. ఉమ్మేయడంతో ఊరుకోవడం కేసాకు చేతకాదు. తను పుట్టింది మొదలు తమ చేలో పరాయివాడు ఎందుకు దిగుతున్నాడో వాడికి తెలుసు, అది ఎలా ఆపాలో తెలియదు. ఈ ఏడు విత్తనాల పండుగకు ముందు కబురు పంపాడు: "ఈసారి లెక్క బరాబర్ చేస్తా. మీ మామకు చెప్పు."

చెప్పాను. మామ కర్రకు ఆముదం రాసుకుంటున్నాడు. "గోలు కాడికి రావాలె గదా ముందు" అన్నాడు.

ఆట పొద్దున్నే మొదలైంది. వాగు ఇసుకలో, రెండు పక్కలా జనం, డోళ్ళు. లక్మా మంచం కూడా తెచ్చి గట్టున వేశారు. మొదటి గోలు మాది. రెండోది వాళ్ళది, దాంతో పాటు మా వాడి ముందు పళ్ళు రెండు. నా కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారుతుంటే ఒక కంటితోనే ఆడాను. నేనూ ఊరుకోలేదు. నన్ను కొట్టినవాడి వేళ్ళ మీద కొట్టాను, వాడు కర్ర వదిలేసి చెయ్యి చంకలో పెట్టుకుని గంతులేశాడు. జనం ఈలలు. నిజం చెప్తున్నాను, కాలేజీలో ఏ రోజూ నాకంత బాగా అనిపించలేదు.

బంతి మా గోలు పక్కనుంచి పోయి నీళ్ళలో పడింది. ఆట ఆగింది. అందరూ నీళ్ళ వైపు చూస్తున్నారు. కేసా మాత్రం పరుగు ఆపలేదు. మామ వాణ్ణి చూశాడు, కర్ర అడ్డం పెట్టలేదు. పెట్టే టైముంది. నేను దగ్గరే ఉన్నాను. కేసా కర్ర వెనక్కి ఎత్తి మోకాలి కింద కొట్టాడు. మామ పడ్డాడు. వాడు మళ్ళీ ఎత్తి అక్కడే కొట్టాడు. ఎముక చర్మం చీల్చుకుని తెల్లగా బయటికొచ్చింది.

"బరాబర్!" అని అరిచాడు కేసా. "హిసాబ్ బరాబర్!"

ఆ తర్వాత ఆట లేదు. మా వాళ్ళు కేసా మీద పడ్డారు, వాళ్ళ వాళ్ళు మా మీద పడ్డారు. నేను కేసా జుట్టు దొరకబుచ్చుకుని మొహం ఇసుకలో గుద్దాను, ఇంకొకసారి గుద్దాను. నా వీపు మీద రెండు కర్రలు విరిగాయి. గట్టు మీద ఎవరో గొడ్డలి కోసం అరుస్తున్నారు. ఈలోగా సోమక్క రోకలి పట్టుకుని గుంపులోకి దూరింది. నన్ను కొట్టడానికే అనుకుని చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె నన్ను పక్కకు నెట్టి కొడుకు భుజం మీద కొట్టింది. "చేలో దిగినోని కాలు ఇరుస్తవారా! ఎవని గింజలు తిని పెరిగినవ్ రా!" అని మళ్ళీ కొట్టింది. తల్లి కొట్టే దెబ్బలు చూస్తూ జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గొడ్డలి తెచ్చినవాడు దాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

మామను జీపెక్కిద్దామంటే ఎక్కనన్నాడు. "ఫైసలా అయినంకనే." వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. మొహం బూడిద రంగు తిరిగింది. "కాలు కుళ్ళి చస్తవ్" అని హుంగే అత్త నెత్తి కొట్టుకుంటోంది. రెండు ఊళ్ళవాళ్ళూ ఇసుకలోనే కూర్చున్నారు. మామను పడుకోబెట్టిన మంచం, లక్మా మంచం పక్కపక్కన ఉన్నాయి.

బిజ్జా వంకర ముక్కు రుద్దుకుని చెప్పాడు: "సీతారాములు లక్మాను ఇరిచిండు. లక్మా కొడుకు సీతారాములును ఇరిచిండు. చెల్లుకు చెల్లు. ఇంక ఎవ్వని చేను ఎవ్వడూ దున్నేది లేదు. అయిపోయింది."

అందరూ ఊపిరి వదిలారు. హుంగే అత్త మొహంలో కూడా వెలుగు కనిపించింది. ఇన్నేళ్ళకు ఆమె చేను మొదటి చేను కాబోతోంది. నాకు మాత్రం కడుపు మండింది. లేచి నిలబడి, "సరే! వచ్చే ఏడు కేసాగాని రెండు కాళ్ళూ మావి. అప్పుడు గూడ చెల్లుకు చెల్లే గదా!" అని అరిచాను. మా కుర్రాళ్ళు కేకలు వేశారు. తాళ్ళగూడెం వాళ్ళు కర్రలు అందుకున్నారు.

"విన్నవా, బిజ్జన్నా?" అన్నాడు మామ. "మా అల్లుడు చదువుకున్నోడు. వాని నోట్ల నుంచే వచ్చింది."

బిజ్జా నావైపు చూసి, తలదించుకున్నాడు.

"చెల్లు లేదు" అన్నాడు మామ. "దాని లెక్క దానిది, దీని లెక్క దీనిది. కేసా నా చేను దున్నాలె. నేను లేచి నిలబడేదాకా."

"నేనా?" కేసా పగిలిన మూతితో లేచాడు. "నీ చేలో నేనా?"

"ట్రాక్టర్ గాదు. నాగలి. నా కండ్ల ముందర."

"నువ్వు లేవకపోతే?"

"అదెట్లుంటదో మీ అయ్యనడుగు."

లక్మా అప్పటిదాకా ఆకాశం చూస్తున్నాడు. "దున్నురా కేసా" అన్నాడు. "వాడు గూడ మంచంల పండుకొని ఒకని దుక్కి చూడాలె. అప్పుడు తెలుస్తది వాని సాళ్ళు ఎంత వంకరో."

కేసా తల్లి వైపు తిరిగాడు. సోమక్క చేతిలో రోకలి ఇంకా ఉంది. "దున్నుతడు" అంది బిజ్జాతో.

"మరి లక్మా చేను?" అడిగాడు బిజ్జా.

"క్లబ్బు చూసుకుంటది" అన్నాడు మామ. ఎద్దులు మళ్ళీ ముందు వాగే దాటతాయని తెలిసి హుంగే అత్త మొహం తిప్పుకుంది.

జీపులో నేనూ ఎక్కాను. నా బట్టల సంచి కూడా పెట్టుకున్నాను. హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు పని ఒకటి మాట్లాడుకుని ఉన్నాను, పండుగ అయ్యాక పోదామనే అనుకున్నాను. ఎలాగూ మామను బచేలి ఆసుపత్రిలో చేర్చాలి, అక్కడినుంచి అటే పోతే సరిపోతుంది. జీపు గుంతలో పడినప్పుడల్లా మామ నా చెయ్యి నలిపేస్తూ నన్నూ, డ్రైవర్నీ, రోడ్డు వేసినవాణ్ణీ తిడుతున్నాడు. దంతెవాడ దాటాక బైలదిలా కొండల మీద మబ్బు నల్లగా కమ్మింది. అతను తిట్టడం ఆపి దాన్నే చూశాడు.

"కర్ర ఎందుకు అడ్డం పెట్టలే మామా?" అని అడిగాను.

అతని కళ్ళు నా సంచి మీద పడ్డాయి.

"పోతున్నవా?"

"ఊఁ. హైదరాబాదు."

"పో. ఎవడొద్దన్నడు."

జీపు అద్దం మీద మొదటి చినుకులు పడ్డాయి. మామ నా చెయ్యి వదల్లేదు.

"అల్లుడూ, వాన పట్టింది. ఈ ఒక్క దుక్కి చేసి పో. ఎడమెద్దుకు ట్రాక్టర్ బెదురు ఇంకా పోలే, తోక ముట్టుకోకు. లక్మా మంచం గట్టు మీద ఏసినంకనే నాగలి దించు. వాడు తిడతడు. మీ అమ్మను తిడతడు, నన్ను తిడతడు, నీ సదువును తిడతడు. నువ్వు ఊకె తలకాయ ఒంచుకొని దున్నకు. వానితోని ఇంకెవ్వడూ మాట్లాడడు. తిరిగి తిట్టు."